కుడి పక్క ఎవరు చూస్తారు?

అమెరికాలో పాత స్కూలు బస్సును కొని ఇల్లుగా మార్చుకునేవాళ్లు, బస్సు చేతికి రాగానే ముందు విప్పే పనే పెట్టుకుంటారు. సీట్లన్నీ ఊడదీస్తారు. పిల్లలు దిగేటప్పుడు పక్కకు తెరుచుకునే స్టాప్ పలక, నెత్తిమీది ఎర్ర దీపాలు, 'స్కూల్ బస్' అన్న నల్లటి అక్షరాలు తీసేస్తారు. ఇవి ఉంచుకోనివ్వవు అక్కడి చట్టాలు. చాలా రాష్ట్రాల్లో ఆ పసుపు రంగు కూడా మార్చాలి. ఆ ఊపులోనే, ముందు బానెట్‌కు అటొకటి ఇటొకటి కడ్డీల మీద నిలబడి ఉండే కోడిగుడ్డు ఆకారపు అద్దాలు కూడా విప్పి మూలన పడేస్తారు. చూడ్డానికి బాగుండవని కొందరు, ఇక పిల్లల్ని ఎక్కించుకోం కదా అని కొందరు.

మేం మిగతావన్నీ తీశాం. బయటి అద్దాల్లో మాత్రం ఒక్కటీ తగ్గించలేదు. పాడైనవాటి చోట కొత్తవి బిగించాం, ప్రతిదాన్నీ సీట్లో కూర్చుని ఓపిగ్గా సరిచేసుకున్నాం. దీన్ని బండి మరమ్మతుల్లో ఒకటిగా లెక్కేసి దాటిపోవడం నాకు ఇష్టం లేదు. బస్సు అద్దం గురించి ఆలోచించడమంటే, ఆ బస్సు పక్కన ఎవరు నడుస్తున్నారో ఆలోచించడమే.

మేముండేది నార్త్ కరొలైనాలో, షార్లెట్‌కు కొంచెం దూరంగా. మా బస్సు పుట్టిందీ ఈ రాష్ట్రంలోనే, హై పాయింట్ ఊళ్లో ఉన్న థామస్ కార్ఖానాలో. ఇక్కడ స్కూలు బస్సులు ఏళ్ల తరబడి పిల్లల్ని మోశాక వేలానికి వస్తాయి. అప్పటికీ ఇంజనులో సత్తువ ఉంటుంది, ఇనుప చట్రంలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. ఇద్దరు చిన్నపిల్లల్ని వెంటేసుకుని వేసవి సెలవుల్లో దేశం చూడాలన్న కోరికతో మేమూ ఒకటి తెచ్చుకున్నాం.

ఆ బస్సుకు ఎన్ని అద్దాలో! డ్రైవరు కిటికీ బయట ఒకదాని కింద ఒకటి రెండు: పైది చదును అద్దం, కిందది ఉబ్బు అద్దం. తలుపు వైపు కూడా అదే జత. బానెట్ మీద ఆ కోడిగుడ్డు అద్దాలు రెండు. ఇవి కాక డ్రైవరు తలకు పైన లోపలి పెద్ద అద్దం, వెనక సీట్లో అల్లరి చేసే పిల్లాడి మీద కన్నేసి ఉంచేందుకు.

బస్సు ఇల్లుగా మారేకొద్దీ దానికి చూపు తగ్గుతూ వస్తుంది. మంచం వెనక తలుపుకు అడ్డం వచ్చింది. వంటగట్టు కోసం కొన్ని కిటికీలు రేకుతో మూసేశాం. ఎండా చలీ ఆగడానికి గోడల్లో దూది కూరి పైన పలకలు కొట్టాం. లోపల పెరిగిన ప్రతి సుఖమూ బయటికి చూసే ఒక దారిని మూసేసింది. లోపలి అద్దంలో ఇప్పుడు కనిపించేది మా పడకగది తెర. వెనక కెమెరా పెట్టుకున్నాం. పది వేల పౌండ్ల లోపు కొత్త బళ్లన్నిటికీ 2018 మే నుంచి అమెరికాలో వెనక కెమెరా తప్పనిసరి. అంతకన్నా బరువైన ఇలాంటి బస్సులకు ఆ నియమం లేకపోయినా ఉండడం మంచిదే. కానీ కెమెరా చూసేది వెనక. పక్కలు చూడాల్సింది అద్దాలే.

మా చిన్నాన్న తెనాలి డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. వీడియో కాల్లో బస్సంతా తిప్పి చూపించాను. మంచం చూశారు, పొయ్యి చూశారు, నీళ్ల ట్యాంకు గురించి అడిగారు. చివరికి డ్రైవరు సీటు చూపించినప్పుడు కాసేపు మాట్లాడకుండా ఉండి, "అక్కడ తలుపు కుడి పక్క కదూ?" అన్నారు. అవునన్నాను.

"మన దగ్గర ఎడమ పక్క నేను చూసేవాణ్ని. మీకు కుడి పక్క ఎవరు చూస్తారమ్మాయ్?"

"అద్దాలున్నాయి చిన్నాన్నా."

"అద్దం చూపిస్తుందే గానీ అరవదు కదే" అన్నారు ఆయన.

ఆ మాట నా పనిని మార్చేసింది. అప్పటిదాకా అద్దాలంటే కొనాల్సిన సామాన్ల చీటీలో ఒక వరస. తర్వాత అవి ఒక మనిషి ఉద్యోగంగా కనిపించాయి.

తెనాలి-కొల్లిపర రూటులో సాయంత్రం బస్సు ఎక్కినవాళ్లకు ఆ ఉద్యోగం తెలుసు. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు, కడ్డీ మీద ఒక చెయ్యి, మెడ బయటికి చాపి వెనక చక్రం దాకా చూపు. ముసలమ్మ రెండో కాలు మెట్టు మీద పెట్టేదాకా నోరు మెదపడు. పెట్టాక బస్సు రేకు మీద రెండు చరుపులు, "రైట్ రైట్". మధ్యలో ఎవరైనా పరిగెత్తుకొస్తే "హోల్డాన్". వెనక్కి తీయాల్సొస్తే కిందికి దిగి, బస్సు వెనక నిలబడి "రానీ, రానీ" అంటూ తనే ముందు వెనక్కి నడుస్తాడు. డ్రైవరుకు ఎడమ పక్క లోకమంతా ఆ గొంతులోంచే తెలిసేది. ఎడమ అద్దం ఉండేది, నిజమే. ఇంజను అదురుకు అందులో మనుషులు రెండుగా, మూడుగా ఊగేవాళ్లు. డ్రైవరు దాన్నీ చూసేవాడు, కానీ నమ్మింది కండక్టరునే. లారీకి క్లీనరు చేసిందీ ఇదే పని.

అద్దం మనిషి చోట్లోకి వచ్చిన సంగతి చరిత్రలోనూ ఉంది. 1911 మే 30న ఇండియానాపొలిస్‌లో మొట్టమొదటి 500 మైళ్ల పందెం జరిగింది. మిగతా కార్లలో డ్రైవరు పక్కన ఒక మెకానిక్కు కూర్చునేవాడు. ఇంజను నూనె చూడడంతో పాటు, వెనక నుంచి ఎవరు వస్తున్నారో చెప్పడమూ అతని పనే. రే హరూన్ నడిపిన మార్మన్ వాస్ప్ కారులో ఒక్కడికే చోటు. వెనక చూసే మనిషి లేకుండా పందెంలో ఎలా దిగుతాడని తోటివాళ్లు అభ్యంతరం చెబితే, కారు మీద నాలుగు కడ్డీలు నిలబెట్టి వాటి మీద ఒక అద్దం బిగించుకున్నాడు. 1904లో షికాగోలో ఒక గుర్రబ్బండికి ఉన్న అద్దం చూసి ఆ ఆలోచన వచ్చిందని తర్వాత చెప్పుకున్నాడు. పందెం అతనే గెలిచాడు. ఆ ఇటుకల బాట మీద అద్దం అదిరిపోయి ఏమీ కనిపించలేదని కూడా అతనే చెప్పాడంటారు.

అంతకు రెండేళ్ల ముందే, 1909లో, ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అనే ఆవిడ 'ది వుమన్ అండ్ ది కార్' అని ఒక పుస్తకం రాసింది. కారు నడిపే ఆడవాళ్లు చిన్న చేతి అద్దం ఒకటి దగ్గర పెట్టుకోవాలనీ, అప్పుడప్పుడు పైకెత్తి వెనక రోడ్డు చూసుకోవాలనీ అందులో సలహా ఇచ్చింది. చరిత్ర చెప్పేవాళ్లు హరూన్ పేరు ముందు చెబుతారు. నేను లెవిట్ పేరు ముందు చెబుతాను. ఆవిడ ఆలోచన పందెం గెలవడం గురించి కాదు, రోడ్డు మీద ఇంకెవరున్నారన్నదాని గురించి.

ఇక మా పని. పాత చదును అద్దాలకు అంచుల్లో రసం పోయి నల్లటి మచ్చలు పాకాయి. కుడి పక్క కడ్డీ కీలు దగ్గర అరిగి, నట్టు ఎంత బిగించినా గాలికి తిరిగిపోతోంది. అద్దం ఒక్కటే మారిస్తే చాలదు. పట్టుకునేది సరిగ్గా లేకపోతే ఎంత మంచి అద్దమైనా ఆకాశాన్నో నేలనో చూపిస్తుంది. కడ్డీలు, బ్రాకెట్లు కూడా మార్చాలనుకున్నాం.

పాత బోల్టులకు రెండు రాత్రులు తుప్పు వదిలించే నూనె పట్టించి, అప్పుడు పానా వేశాడు మా ఆయన. అయినా ఒకటి తల విరిగింది, దాన్ని డ్రిల్లుతో తొలిచి తీయాల్సి వచ్చింది. బ్రాకెట్ ఊడి వచ్చాక రేకు మీద మిగిలే చిల్లులు చాలామంది పట్టించుకోరు. పట్టించుకోవాలి. అక్కడినుంచి దిగే వాననీరు గోడ లోపలికి పోతుంది. స్కూలు బస్సుగా ఉన్నప్పుడు ఆ తడి ఎప్పటికో ఆరేది. ఇప్పుడు లోపల దూది ఉంది, పలకలు ఉన్నాయి. పడిన చుక్క బయటికి రాదు, ఏళ్ల తరబడి లోపలే ఉండి రేకును తినేస్తుంది. పాత చిల్లులు మూసి, తుప్పు గీకి, రంగు వేసి, కొత్త బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు పరిచి బిగించాం.

బోల్టుల విషయం కూడా చెప్పాలి. తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ బోల్టు తెచ్చి అల్యూమినియం బ్రాకెట్‌లో బిగిస్తే, వాన తడి తగిలినప్పుడల్లా ఆ రెండు లోహాల మధ్య సన్నగా విద్యుత్తు పుట్టి అల్యూమినియాన్ని కొరుక్కు తింటుంది. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో ఇంకా తొందరగా తింటుంది. మరలకు అతుక్కోకుండా ఉండే ముద్ద పూసి, మధ్యలో నైలాన్ వాషరు వేసి బిగిస్తే కొన్నేళ్ల తర్వాత విప్పేవాళ్లు మనల్ని తిట్టుకోరు.

కొత్త అద్దం ఎక్కడ బిగించాలన్నది బోల్టుకన్నా పెద్ద ప్రశ్న. చిల్లు పొడిచే ముందు, అద్దం కొలతకు ఒక అట్ట కత్తిరించి మా ఆయన్ను బయట పట్టుకుని నిలబడమన్నాను. నేను సీట్లో కూర్చుని "ఇంకొంచెం ముందుకు, కాస్త కిందికి" అంటూ చూశాను. కుడి అద్దానికి మన చూపు రెండు దారుల్లో పోవచ్చు: ముందు గాజులోంచి, లేదా మడత తలుపు గాజులోంచి. తలుపు గాజుకు వైపరు ఉండదు. వానలో, బురదలో అది మసకబారిపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్న అద్దమైనా లేనట్టే. వైపరు తుడిచే మేర లోంచి చూపు పోయేలా కుడి అద్దాన్ని ముందుకు జరిపాం. కడ్డీ పొడుగైతే అదురు పెరుగుతుంది కాబట్టి రెండు చోట్ల పట్టుకునే కడ్డీ బదులు మూడు చోట్ల పట్టుకునేది వేశాం. హరూన్ నాలుగు కడ్డీలు ఎందుకు నిలబెట్టాడో అప్పుడు అర్థమైంది. కొత్త అద్దం వెనక చలికి మంచు కరిగించే సన్నని వేడి తీగ ఉంటుంది. దాని వైర్లు పన్నెండు వోల్టుల లైనుకు కలిపి, రేకు చిల్లులో ఒరుసుకోకుండా రబ్బరు తొడిగాం.

బిగించడం ఎలాగైనా అయిపోతుంది. సరిచేయడమే అసలు పని.

అద్దం ఎవరి కంటికి సరిచేస్తున్నామో ముందు తేలాలి. మా ఆయన పొడుగు, నేను పొట్టి. ఆయనకు వెనక చక్రం చూపించే అద్దం నాకు చెట్ల కొమ్మలు చూపిస్తుంది. పైగా మా డ్రైవరు సీటు గాలి మీద తేలే రకం. రాత్రంతా ఆగిన బస్సులో గాలి తగ్గి సీటు కిందికి దిగి ఉంటుంది. అప్పుడు అద్దం సరిచేసుకుని బయల్దేరితే, ట్యాంకుల్లో గాలి నిండి సీటు లేచేసరికి సరిచేసిందంతా తప్పిపోతుంది. ఇంజను వేసి, గాలి నిండనిచ్చి, సీటు తన ఎత్తుకు వచ్చాక, వీపు ఆనించి రోజూ కూర్చునేట్టు కూర్చుని, అప్పుడు అద్దం ముట్టుకోవాలి. నిటారుగా బిగదీసుకుని కూర్చుంటే ఆ భంగిమ పది మైళ్లు కూడా ఉండదు.

ఇక్కడ ఒక నియమం గురించి ఇష్టంగా చెప్పాలనుంది. అమెరికా కేంద్ర ప్రమాణం 111 వాహనాల అద్దాల గురించి. స్కూలు బస్సు అద్దాలు ఎంత మేర చూపించాలన్న భాగాన్ని 1992లో తిరగరాశారు. బస్సు చుట్టూ నేల మీద అడుగు ఎత్తు, అడుగు మందం ఉన్న స్తంభాలు పెట్టి, అవి డ్రైవరు కంటికి కనబడాలన్నారు. ఎవరి కంటికి? సగటు మగవాడి కంటికని రాయలేదు. ఎత్తు వరసలో నూరుగురు ఆడవాళ్లను నిలబెడితే పొట్టివాళ్ల వైపు నుంచి పాతికో స్థానంలో ఉండే మనిషి కన్ను ఎక్కడ ఉంటుందో అక్కడినుంచి కనబడాలన్నారు. నాలాంటి మనిషి స్టీరింగు వెనక కూర్చుంటుందనీ, ఆమెకు కనబడని పిల్ల బస్సు ముందు ఉండవచ్చనీ ఒక ప్రభుత్వ కాగితం తలచుకుంది. ఇంత మమకారం ఉన్న నిబంధన నేను ఇంకొకటి చదవలేదు.

చదును అద్దంలో బస్సు ఒళ్లు లోపలి అంచున సన్నగా మాత్రమే కనిపించాలి. అది అసలు కనిపించకపోతే మిగతా దృశ్యం ఎక్కడుందో కంటికి ఆనవాలు దొరకదు, మరీ ఎక్కువ కనిపిస్తే ఆ మేర వృథా. వెనక కనీసం 200 అడుగులు, అంటే అరవై మీటర్లు పైన, రోడ్డు కనిపించాలి. ఉబ్బు అద్దంలో వెనక చక్రం నేలను తాకే చోటు, పక్కన ఒక వరస రోడ్డు, అద్దం కడ్డీ దాకా బస్సు పక్క మొత్తం కనిపించాలి. ఇవి అమెరికాలో స్కూలు బస్సు లైసెన్సు తీసుకునేవాళ్లు చదివే పుస్తకంలోని కొలతలు. పిల్లల్ని ఎక్కించుకోకపోయినా ఇంతకన్నా మంచి కొలతలు ఎక్కడా దొరకవు.

ఆ రెండు అద్దాలూ ఒకే సంగతి చెప్పవు. చదునుది దూరాన్ని నిజంగా చెబుతుంది, కానీ కొంచెమే చూపిస్తుంది. ఉబ్బుది చాలా చూపిస్తుంది, దూరాన్ని తప్పు చెబుతుంది. వంపు పెరిగేకొద్దీ ఎక్కువ లోకం చిన్న గాజులో ఇముడుతుంది, అందులో ప్రతిదీ చిన్నదైపోతుంది, చిన్నగా కనిపించినదాన్ని మన బుర్ర దూరంగా ఉందనుకుంటుంది. అందుకే ఇక్కడి కార్ల కుడి అద్దం మీద, వస్తువులు కనిపించేదానికన్నా దగ్గరగా ఉన్నాయని రాయడం చట్టం చేశారు. ఆ కారు అద్దాల వంపుకు కూడా హద్దులున్నాయి, వ్యాసార్థం 889 నుంచి 1,651 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. బస్సు మీది అద్దాలు అంతకన్నా ఎక్కువ వంగి ఉంటాయి. ఉబ్బు అద్దంలో "ఎవరో ఉన్నారు" అని తెలుసుకుని, "ఎంత దూరంలో" అన్నది చదును అద్దాన్ని అడగాలి. ఒక్కదాన్నే నమ్మి వరస మారేవాడు పక్కవాడి ప్రాణంతో ఆడుతున్నాడు.

కారు నడిపేవాళ్లకు ఒక మాట. కారుకు లోపలి అద్దం ఉంది కాబట్టి పక్క అద్దాలను ఇంకా బయటికి తిప్పుకోవచ్చు. తల ఎడమ కిటికీకి ఆనించి, కారు పక్క అంచు కొద్దిగా కనిపించేదాకా ఎడమ అద్దం తిప్పాలి. కుడిదానికి తల కారు మధ్యకు వంచి అలాగే. జార్జ్ ప్లాట్జర్ 1995లో ఒక సాంకేతిక పత్రంలో ఈ పద్ధతి వివరించాడు. కారులో పక్కన దాక్కునే జాగా దీనివల్ల చాలావరకు పోతుంది. మా బస్సుకు మాత్రం ఇది పనికిరాదు. లోపలి అద్దం పడకగది తెరను చూస్తోంది కాబట్టి, వెనకను చూసే బాధ్యత కూడా పక్క అద్దాలదే.

తర్వాత బకెట్ల పని. ఇక్కడ చాలా స్కూలు బస్సు డిపోల్లో నేల మీద గళ్లు గీసి ఉంటాయి. డ్రైవరు బస్సును ఆ గళ్ల మధ్య నిలిపి అద్దాలు సరిచూసుకుంటాడు. మాకు ఆ గళ్లు లేవు, ఐదు గ్యాలన్ల పెయింటు బకెట్లు ఉన్నాయి. అడుగు మందం, అడుగుకు కాస్త మించి ఎత్తు, ప్రమాణంలో చెప్పిన స్తంభానికి దగ్గరే. బస్సు ముందు, తలుపు పక్కన, వెనక చక్రాల దగ్గర వాటిని పెట్టాం. ఇంజను ఆపి తాళంచెవి నా జేబులో వేసుకుని సీట్లో కూర్చున్నాను. బకెట్లు చూస్తున్నాను. ఈలోగా మా అమ్మాయి ఆటగా బస్సు చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

తనకు ఎనిమిదేళ్లు. తలుపు పక్కనుంచి ముందుకు వచ్చింది. ముందు గాజులోంచి జుట్టు కనిపించింది, తర్వాత అదీ లేదు. బంపరుకు మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడి "అమ్మా, కనపడుతున్నానా?" అని అరుస్తోంది. గొంతు వినిపిస్తోంది, పిల్ల లేదు. నా ఎదురుగా ఉన్నది బానెట్, దాని మీద ఎండ, ఆవల మా వాకిలి. అంత పెద్ద గాజు వెనక కూర్చుని, నా కూతురు ఎక్కడుందో నాకు తెలియలేదు. కళ్లు బానెట్ మూలకు తిప్పితే ఆ కోడిగుడ్డు అద్దంలో బొటనవేలంత ఎత్తున నిలబడి చెయ్యి ఊపుతోంది.

ఆ అద్దాన్ని విప్పేసి మూలన పడేసిన ఎన్ని బస్సులు ఈ దేశంలో తిరుగుతున్నాయి!

అవసరం లేదనేవాళ్ల మాట న్యాయంగానే విన్నాను. చట్టప్రకారం అక్కర్లేదు, నిజమే. స్కూలు బస్సు కాని పెద్ద బస్సుకు రెండు పక్కలా కనీసం 323 చదరపు సెంటీమీటర్ల చదును అద్దం ఉంటే ప్రమాణం 111కి చాలు. ముందు అద్దాలు కొమ్మలకు తగులుకుంటాయి, అదీ నిజమే. కానీ ఈ ఇంటి బస్సులు రాత్రిళ్లు ఆగేది ఎక్కడ? క్యాంపుగ్రౌండుల్లో. అక్కడ పిల్లలు సైకిళ్ల మీద బస్సుల మధ్య సందుల్లోంచి దూసుకొస్తారు, కుక్కలు బంతుల వెనక పరిగెడతాయి, ఎవరో ఒకరు బంపరు ముందు కూర్చుని చెప్పులు సవరించుకుంటారు. స్కూలు బస్సు పిల్లలకైతే బస్సు ముందునుంచి ఎలా దాటాలో నేర్పుతారు, డ్రైవరు సైగ చేసేదాకా ఆగమంటారు. క్యాంపు పిల్లలకు ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. రంగు మారింది కాబట్టి వాళ్లకు అది జాగ్రత్తగా దాటాల్సిన బండిలా కూడా అనిపించదు. స్కూలు బస్సు డ్రైవర్ల పుస్తకం, బంపరు ముందు ముప్ఫై అడుగుల దాకా ప్రమాద ప్రాంతమేననీ, అందులో మొదటి పది అడుగులు మరీ ప్రమాదమనీ చెబుతుంది. సీట్లు తీసి మంచం వేసినంత మాత్రాన ఆ పది అడుగులు తగ్గవు. బానెట్ అంతే ఎత్తు, నేను అంతే పొట్టి, పిల్లలు అంతే చిన్నవాళ్లు. కొమ్మకు తగిలి అద్దం విరిగితే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అద్దమే అడ్డమయ్యే సందర్భాలూ ఉంటాయి. ఇంత పెద్ద అద్దాల జత, పక్కన కిటికీ స్తంభం, రెండూ కలిసి నాలుగు రోడ్ల కూడలిలో ఎడమకు తిరిగేటప్పుడు ఒక నిండు మనిషిని దాచేస్తాయి. మనం తిరుగుతున్నంతసేపు అతను మన అద్దం వెనకే నడుస్తూ ఉండవచ్చు. ఇక్కడి స్కూలు బస్సు డ్రైవర్లు తిరిగే ముందు సీట్లోనే ముందుకూ వెనక్కూ ఒకసారి ఊగి, అద్దం పక్కలనుంచి తొంగి చూస్తారు. మొదట ఆ ఊగడం చూసి వింతగా అనిపించేది. ఇప్పుడు నేనూ ఊగుతాను.

తెలుగునాట బండి నడిపి ఇక్కడికి వచ్చినవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ కుడిచేతి వైపు కూర్చుని ఎడమను అనుమానించడం ఒంటికి అలవాటు. ఇక్కడ ఎడమన కూర్చుని కుడిని అనుమానించాలి. తల తెలిసినంత తొందరగా మెడకు తెలియదు. పైగా స్కూలు బస్సుకు వెనక చక్రాల తర్వాత తోక చాలా పొడుగు. కుడికి తిరిగితే ఆ తోక ఎడమకు మూడడుగుల దాకా విసురుతుంది. మలుపు వైపు అద్దంలో చక్రం చూస్తూ, అవతలి అద్దంలో తోకను చూడాలి. ఇక్కడి జాతీయ రహదారుల మీద బండి వెడల్పు హద్దు 102 అంగుళాలు, ఆ లెక్కలోకి అద్దాలు రావు. కొలతలో రాకపోయినా దారి పక్కన నడిచేవాడి తల ఎత్తున అవి ఉన్నాయి. అందుకని దెబ్బ తగిలితే మడుచుకునేంత వదులుగా, గాలికి తిరగనంత గట్టిగా కీలు బిగించాలి. తొలి పొడుగు ప్రయాణం అయ్యాక మళ్లీ పానా పట్టుకోవాలి, కొత్త నట్లు ఆ అదురుకు ఒక్కసారైనా సడలుతాయి.

మన ఆర్టీసీల్లో కూడా కొన్ని నాన్‌స్టాప్ బస్సులు ఇప్పుడు కండక్టరు లేకుండా నడుస్తున్నాయి. టికెట్లు బస్‌స్టాండులోనే ఇచ్చేస్తారు. లెక్కల ప్రకారం ఒక జీతం మిగులుతుంది. చిన్నాన్న దీని గురించి కోపంగా మాట్లాడరు, ఒకే ప్రశ్న అడుగుతారు, నన్ను అడిగిందే. ఎడమ పక్క గొంతు పోయినప్పుడు ఎడమ పక్క అద్దం పెరగాలి, అది ఆ డ్రైవరు ఎత్తుకు కుదరాలి, డ్యూటీ మారిన ప్రతిసారీ కుదర్చుకోవడానికి అతనికి రెండు నిమిషాలు ఇవ్వాలి. మనిషిని తీసేసి అద్దాన్ని కూడా అలాగే వదిలేస్తే, ఆ మిగిలిన జీతం ఫుట్‌బోర్డు దగ్గర ముసలమ్మ కట్టాల్సి వస్తుంది.

మా బస్సులో అద్దం అరవలేదు కాబట్టి, అరిచే పని మేం తీసుకున్నాం. ఎక్కడినుంచి కదిలినా మా ఇద్దరిలో ఒకరు కింద ఉంటారు. చుట్టూ నడిచి, కిందికి వంగి చూసి, రేకు మీద రెండు చరుపులు చరిచి "రైట్ రైట్" అంటేనే బస్సు కదులుతుంది. మా అబ్బాయికి నాలుగేళ్లు, ఆ మాట వాడికి బాగా నచ్చింది. ఇద్దరు పిల్లలూ లోపల బెల్టుల్లో ఉన్నారని చూసుకున్నాకే ఆ చరుపులు.

మీది బస్సే కానక్కర్లేదు. కారైనా, వ్యానైనా, ట్రాక్టరైనా సరే, ఈ ఆదివారం ఒక పావుగంట ఇవ్వండి. సీట్లో రోజూ కూర్చునేట్టే కూర్చోండి. ఇంట్లో ఒకరిని బండి చుట్టూ మెల్లగా నడవమనండి, వాళ్లు ఎక్కడెక్కడ మాయమవుతున్నారో చూసి, ఆ చోట్లు గుర్తుపెట్టుకుని అప్పుడు అద్దాలు తిప్పండి. పెద్దవాళ్లతో ఆపకండి, ఇంట్లో అందరికన్నా పొట్టిగా ఉన్న పిల్లనో పిల్లాణ్నో కూడా నడవమనండి. ఇంజను ఆపి, తాళంచెవి తీసి మీ జేబులో వేసుకున్నాకే.